పదకొండేళ్ళు గుడ్డ కప్పిన పళ్ళెం

పాస్టరు పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు కొందరు అప్పుడప్పుడూ విజయనగరంలో నా గదికి వస్తుంటారు. ప్రసంగం ఎలా తయారు చేసుకోవాలి, సంఘంలో తగాదా వస్తే ఎటు నిలబడాలి అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయాక, అసలు చెప్పవలసింది చెప్పలేదే అనిపిస్తుంది. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో నేను నిజంగా చెయ్యవలసిన పని ఒక్కటే ఉండింది. దాన్ని పదకొండేళ్ళు ఆలస్యంగా చేశాను. నన్ను ఎవరూ ఆపలేదు. ఆ మాట ఎదురుగా కూర్చున్న వాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పడం నా వల్ల కాలేదు. అందుకని రాస్తున్నాను.

పేరు పోవడం

ఈ పనిలో చేరగానే మొదట పోయేది మన పేరు. నా పేరు రత్నం. శృంగవరపుకోటలో మా వీధి వాళ్ళందరికీ నేను ఒరే రత్నాన్నే. పాస్టరుగా చేరిన రోజునుంచి అయ్యగారినయ్యాను. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి కూడా నన్ను చూసి కండువా తీసి లేచి నిలబడేవాడు. మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత అలవాటైంది. కొన్నాళ్ళకు, అలా ఎవరూ లేవకపోతే లోపల ఏదో గుచ్చుకునేది.

అందరూ తమ బాధ తెచ్చి మన ముందు పెడతారు. మన బాధ ఎవరి ముందు పెట్టుకోవాలో ఏ బైబిలు కాలేజీలోనూ నేర్పరు. పెళ్ళిళ్ళలో మనకు వేరే కుర్చీ, వేరే బల్ల. ముందు మనకే వడ్డించి, మనం తింటుంటే చుట్టూ నిలబడి చూస్తారు. పక్కన కూర్చుని తినేవాడు ఉండడు. అది గౌరవమే, కాదనను. కానీ ఏళ్ళ తరబడి అలా ఒక్కడివే తింటే, మనిషి లోపల ఒక గది తలుపు మూసేసుకుంటాడు.

నా మొదటి సంఘం భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. చేరిన రెండో నెలలో పడవ తిరగబడి ఒక మనిషి పోయాడు. నేను బైబిలు పట్టుకుని వెళ్ళి, అతని తల్లి ముందు నిలబడి అరగంట మాట్లాడాను. పరలోకం గురించి, ఆదరణ గురించి, నేర్చుకున్నదంతా. ఆవిడ తలెత్తి చూసి, "బాబూ, ఆ మాటలాపీసి ఇలగ కూకోండి. మీరు కూకుంటే సాలు నాకు" అంది.

కూర్చున్నాను. మధ్యాహ్నమంతా ఇసకలో ఆవిడ పక్కన కూర్చున్నాను. లేచేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ ఉద్యోగమంటే ఏమిటో ఆ రోజే నాకు తెలిసిపోయింది. వెళ్ళాలి, కూర్చోవాలి. తక్కినవన్నీ ఆ తర్వాతే. అంత చిన్న వయసులో తెలిసిన సంగతిని, మరిచిపోవడం నాకు అనుకూలమైనప్పుడల్లా మరిచిపోయాను.

నిలబడిన రోజు

అంతకు అయిదేళ్ళ ముందు శృంగవరపుకోటలో ఒక మిషనరీ కూడిక జరిగింది. మాట్లాడినాయన బక్కగా, మలేరియాతో పచ్చబడి ఉన్నాడు. మహేంద్రగిరి వైపు కొండల్లో ఊళ్ళున్నాయి, వెళ్ళేవాళ్ళు లేరు, ఎవరైనా వెళ్తారా, వెళ్ళేవాళ్ళు లేచి నిలబడండి అన్నాడు. గొంతు పెంచలేదు, ఏడిపించలేదు. నేను లేచి నిలబడ్డాను. నాకు దర్శనం రాలేదు, చెవిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్న నన్నే అడిగారని మాత్రం నాకు తెలుసు. ఈ రోజుకీ దాని గురించి నాకు అనుమానం లేదు.

ఇంటికొచ్చేసరికి కబురు మా అమ్మకు చేరిపోయింది.

"ఏటిరా, అందరి ముందూ లెగిసి నిల్చున్నావట? కొండకెల్తావేటి?"

"ఎల్తానమ్మా."

"ఎప్పుడు?"

"సదువయ్యాక."

ఆ 'ఎప్పుడు'కి నేను చెప్పిన మొదటి వాయిదా అది. చదువయ్యాక పెళ్ళన్నాను. పెళ్ళయ్యాక పాస్టరుగా అభిషేకం కానీ అన్నాను. అదీ అయ్యాక అమ్మాయి పుట్టింది, దాని చదువన్నాను. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ నిజాలే. ఆ నిజాలనే ఇటుకల్లా పేర్చి నా చుట్టూ నేనే గోడ కట్టుకున్నాను.

మార్తమ్మ

నలభై నాలుగో ఏట నన్ను పాతపట్నం సంఘానికి వేశారు. వాన వెలిసిన పొద్దున ప్రార్థన జరిగే మా గుడి మేడ ఎక్కితే కొండలు కనిపించేవి. మెళియాపుట్టి దాటాక ఆ కొండల్లో జీలుగుగూడ అని సవర గిరిజనుల ఊరు, ఇరవై గడపలుంటాయి. వాళ్ళకు సువార్త చెప్పినవాడు వాళ్ళ మనిషే, అతను చనిపోయాడు. మా ప్రాంతపు సంఘాలన్నిటికీ పైన ఉండే పెద్దయ్యగారు ఒకసారి మోకాళ్ళు నొప్పెడుతున్నా అక్కడికి నడిచి వెళ్ళి, వాగులో వాళ్ళకు బాప్తిస్మమిచ్చారు. వస్తూ వస్తూ ఒక మాట ఇచ్చి వచ్చారు. రత్నం అయ్యగారు వచ్చి మీ ఊళ్ళోనే ఉంటాడు, మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తాడు అని.

ప్రతి నెలా మొదటి ఆదివారం మా సంఘాల్లో రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. ప్రభువు బల్ల అంటే అదే. అభిషేకమైన పాస్టరే దాన్ని పంచాలి, ఇంకెవరూ పంచకూడదన్నది మా నియమం. పాస్టరు లేని ఊరికి బల్ల లేదు.

పెద్దయ్యగారు నన్ను పిలిచి, "అప్పట్లో కొండకెళ్తానని నిలబడ్డావు కదా, నీ పేరు చెప్పొచ్చానయ్యా. ఇంట్లో మాట్లాడుకుని ఒక ఉత్తరం రాసియ్యి, సంతకం పెట్టేస్తాను" అన్నారు.

"అలాగే అయ్యగారూ" అన్నాను.

మూడు నెలలకు ఒక ఆదివారం మా గుడి తలుపు పక్కన యాభై దాటిన ఒక సవర ఆవిడ కూర్చుని ఉంది. వేళ్ళ నిండా పసుపు మరకలు, ఒళ్ళో గుడ్డ మూట. రొట్టె పళ్ళెం తన దగ్గరికి వచ్చినప్పుడు తీసుకోకుండా పక్కావిడకు ఇచ్చేసింది. ఆరాధన అయ్యాక పిలిచాను.

"బాప్తిస్మం తీసుకోలేదా అమ్మా?"

"ఎందుకు తీసుకోనేదు? పెద్దయ్యగారే ముంచినారు. సలికి పళ్ళు టకటకలాడిపోనాయి."

"మరి రొట్టె తీసుకోలేదేం?"

"మా ఊరోలు తీసుకోనేదు కదా అయ్యగారు. ఆలందరినీ ఒగ్గీసి నానొక్కదాన్నే తింతానేటి?" అని, నన్ను కిందనుంచి పైకి చూసింది. "మీరేనా రత్నం అయ్యగారు? మీకు ఇల్లు కట్టీసినాం. గోడలు మెత్తీసినాం. మొదటాదోరం పళ్ళెంలో రొట్టెట్టి సూసినాం, సూసినాం. మీరు రానేదు. గుడ్డ కప్పీసి, పాట పాడుకోని లెగిసిపోనాం."

"ఆ రొట్టె ఏం చేశారు?"

"ఆవుకెట్టీసినాం. అయ్యగారు రాకుండా మేం తినీత్తే అది వొట్టి రొట్టే కదా."

"వానలు తగ్గాక వస్తానమ్మా."

"ఏ యేడు వానలు?" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడ పేరు మార్తమ్మ. ఆ తర్వాత ఏటా ఒకసారి, పసుపు తవ్వకాలయ్యాక కొండ దిగి వచ్చేది. ఏటా పళ్ళెం పక్కకిచ్చేసేది. వెళ్ళే ముందు మా ఇంటి అరుగు మీద కూర్చుని నా భార్య సుగుణతో చాలాసేపు మాట్లాడేది. ఏం మాట్లాడుకునేవారో నేను అడగలేదు.

ఒక్కరోజుకైనా వెళ్ళి బల్ల ఇచ్చి రావచ్చు కదా అని మీరు అడుగుతారు. రావచ్చు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రాగలిగేంత దూరమే. కానీ ఒక్కరోజు వెళ్తే నా కోసం కట్టిన ఇల్లు కళ్ళతో చూడాలి. చూశాక తిరిగి రావడానికి కారణం చెప్పాలి. ఆ భయంతో అసలు అటు వెళ్ళనే లేదు.

సుగుణ ఆయాసం

బయటికి చెప్పుకోవడానికి మొదట భాష దొరికింది. సవర భాష రానివాడు అక్కడికి వెళ్ళి ఏం చేస్తాడు? నిండా నేర్చుకున్నాకే వెళ్తానని ఒక నోటుబుక్కు పెట్టి, సంతకు వచ్చే వాళ్ళను అడిగి మాటలు రాసుకునేవాణ్ణి. నోటుబుక్కులు నాలుగయ్యాయి. భోగాపురం ఇసకలో ఆ తల్లి చెప్పినదేమిటో గుర్తు పెట్టుకున్నవాడెవడూ నాలుగు నోటుబుక్కులు నింపడు.

అసలు కారణం వేరు. పాతపట్నంలో నేను అయ్యగారిని. బజారులో నడుస్తుంటే దారి ఇచ్చేవారు. కొండమీద నేను వంట రాని, చెట్టు పేరు తెలియని, నడిస్తే రొప్పే మనిషిని. ఇంకా లోపల ఇంకొకటుంది. వెళ్ళి ఓడిపోతే, ఇరవై రెండేళ్ళప్పుడు నిలబడింది ఉత్త ఆవేశమేనని తేలిపోతుంది. వెళ్ళకుండా ఉంటే ఆ పిలుపు ఎప్పటికీ నిజంగానే ఉంటుంది. దాన్ని వాడకుండా పెట్టెలో దాచుకున్న కొత్త బట్టలా ఉంచుకున్నాను.

నాలుగో ఏడు సంఘం కమిటీలో ఒకరు సూటిగా అడిగారు, జీలుగుగూడ సంగతేమైందని. నేను కాస్త తలదించి, "మా ఇంట్లో ఆవిడకు ఆయాసం. కొండ గాలి పడదు" అన్నాను. ఆ మాట ముందుగా అనుకోలేదు. నోటికి వచ్చేసింది. అందరూ అయ్యో అన్నారు. సుగుణ స్వస్థత కోసం అక్కడే ప్రార్థన చేశారు. నేనూ కళ్ళు మూసుకున్నాను.

వారం తిరక్కుండా స్త్రీల సమాజంలో ఎవరో సుగుణ చేతిలో కషాయం సీసా పెట్టి, "పాపం, నీ వల్లే కదా అయ్యగారు కొండకెళ్ళలేకపోతన్నారు, ఇది తాగమ్మా" అన్నారట. ఇంటికొచ్చి ఆ సీసా నా ముందు పెట్టింది.

"ఏవండీ, నా ఊపిరి నాకు అడ్డమొచ్చింది గానీ, మీకెప్పుడు అడ్డమొచ్చిందండీ?"

నేను ఏదో అనబోయాను.

"నన్ను ఒక్కసారి అడిగారా, వస్తావా అని? నాలుగేళ్ళయింది ఆ మనిషొచ్చి వెళ్తూ. ఒక్కసారి అడిగారా?"

"నీకు అక్కడ ఏమైనా అయితే..."

"నేను కొండెక్కితే చచ్చిపోతానని భయమా? ఎక్కగలనని భయమా?"

ఆమె సీసా తీసుకుని లోపలికి వెళ్ళి, ఆ కషాయం తొట్టిలో పారబోసి, సీసా కడిగి అటక మీద పెట్టింది. అప్పుడైనా రేపు బయల్దేరదాం అని ఉంటే ఈ రాత ఇక్కడితో అయిపోయేది.

ప్రతి ఆదివారం

ప్రతి ఆదివారం విన్నపాల సమయంలో నేనొక ప్రార్థన తప్పకుండా చేసేవాణ్ణి. "ప్రభువా, జీలుగుగూడకు ఒక సేవకుణ్ణి పంపించు." సంఘమంతా ఆమేన్ అనేది. అందరికంటే గట్టిగా నా గొంతే వినిపించేది. పదకొండేళ్ళు అలా ప్రార్థించాను. ఇంకొకరిని పంపమని అడుగుతున్నానని నాకు తెలుసు. ఏ ఇతర పాపానికైనా మనిషి ఎంతో కొంత సిగ్గుపడి దాక్కుంటాడు. నేను దీన్ని మైకులో చేశాను.

ఆ సీసా రోజు తర్వాత సుగుణ ఒక్కతే ఆ ప్రార్థనకు ఆమేన్ అనడం మానేసింది. ముందు వరసలో కూర్చుని పెదవులు బిగించుకునేది. సంఘంలో ఎవరూ గమనించలేదు. నేను ప్రతి ఆదివారం గమనించాను.

మా గుడికి ఎదురుగా గుప్త గారి కొట్టు. ఆయన కొండల్లో చింతపండు, పసుపు, చీపుళ్ళు కొని కిందికి తెచ్చేవాడు. ఆదివారం నా మైకు ఆయన కొట్లోకి వినిపించేది. ఒకరోజు సరుకు కట్టిస్తూ అన్నాడు.

"అయ్యగారూ, ఒక మాటడుగుతాను. కోపగించుకోరు కదా?"

"అడగండి."

"ఆ జీలుగుగూడకి ఎవులినో పంపమని వారం వారం మీ దేవుణ్ణి అడుగుతన్నారు. నానైతే వారం వారం ఎల్లొస్తన్నాను. నన్నెవులూ పంపనేదు. చింతపండు కోసం ఎల్తన్నాను. మనుసుల కోసం ఎల్లడానికి మీకంత కష్టమేటండీ?"

కొట్లో పనివాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, సరుకు తీసుకుని వచ్చేశాను. మీకు మీ పై అధికారులు చాలా ఉపదేశాలు ఇస్తారు. నాకు దొరికిన వాటిలో ఇదే గట్టిది. మా దేవుడికి దణ్ణం పెట్టని మనిషి చింతపండు తూస్తూ ఇచ్చాడు.

ఖాళీగా ఉంచిన చోటు

పదో ఏడు సుగుణ పోయింది. ఆయాసంతో కాదు, కామెర్లతో. పదిహేను రోజుల్లో అయిపోయింది. ఆస్పత్రిలో ఒక మధ్యాహ్నం, "మార్తమ్మ వస్తే భోజనం పెట్టండి, మరిచిపోకండి" అంది. కొండ గురించి అదే ఆఖరి మాట. ఎన్ని వందల మందిని పాతిపెట్టానో. సుగుణను పాతిపెట్టిన రోజు నా పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు. అయ్యగారికి ఆదరణ చెప్పేంతటి వాళ్ళమా అని దూరంగా నిలబడ్డారు.

ఇక నా చేతిలో సాకు లేదు. అయినా ఇంకో ఏడాది ఉండిపోయాను. ఒక్కణ్ణే ఎలా అనుకున్నాను. ఇక్కడా ఒక్కణ్ణే ఉన్నానన్న సంగతి తట్టలేదు.

ఆ ఏడు మార్తమ్మ వచ్చింది. బాగా వంగిపోయింది, కర్ర ఊతం. పళ్ళెం ఎప్పటిలాగే పక్కకిచ్చేసింది. నేను అన్నం పెట్టాను. తిని, చెయ్యి కడుక్కుని అంది.

"ఈపాలి అడగటానికి రానేదు అయ్యగారు. సెప్పడానికొచ్చినాను. ఇంక రాను. కాళ్ళు సాలవు."

"అలాగేనమ్మా."

"ఇల్లు మాత్రం ఈ యేడు కూడా కప్పీసినాం. గడ్డి కొత్తది ఏసినాం."

"ఎందుకమ్మా ప్రతి ఏడూ నా కోసం..."

"మీ కోసం కాదులెండి" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఎవులొస్తే ఆల కోసం."

ఆవిడ కోపంతో అని ఉంటే నేను ఓర్చుకునేవాణ్ణి. ఆవిడ గొంతులో కోపం లేదు. నన్ను వదిలేసింది, అంతే. బస్సు దాకా తోడు వెళ్ళి, తిరిగొచ్చి, పెద్దయ్యగారికి ఉత్తరం రాశాను. నాలుగు వరసలు. మర్నాడు పొద్దున శ్రీకాకుళం వెళ్ళి ఆయన చేతికే ఇచ్చాను.

ఆయన చదివి కళ్ళజోడు తీశారు.

"రత్నం, నిన్ను ఎవరాపారయ్యా ఇన్నాళ్ళు?"

"ఎవరూ ఆపలేదండి."

"నువ్వు వెళ్ళనని ఒక్కసారి చెప్పి ఉంటే బాగుండేది. ఇద్దరు కుర్రాళ్ళు ఆ ఊరికి వెళ్తామని అడిగారు, వేరు వేరు ఏళ్ళలో. రత్నం వెళ్తానన్నాడు, ఆ చోటు అతనిది అని వాళ్ళను వేరే చోట్లకు పంపేశాను."

ఈ వయసులో కూడా ఆ మాట గుర్తొస్తే తింటున్న కంచం పక్కకు జరుపుతాను. అప్పటిదాకా నేను పని చెయ్యలేదని మాత్రమే అనుకున్నాను. చేసేవాళ్ళను కూడా ఆపానని నాకు తెలియదు. కాదనకుండా, కదలకుండా, ఒక ఊరి గుమ్మానికి అడ్డంగా పదకొండేళ్ళు కూర్చున్నాను. మీరు వెళ్ళలేకపోతే వెళ్ళలేనని చెప్పండి. అది చిన్నతనం కాదు. మీ మౌనం వెనక ఎవరో నిలబడి ఉంటారు.

ఆ ఇద్దరిలో ఒకతను తర్వాత ఈ పనే మానేసి టెక్కలిలో సిమెంటు కొట్టు పెట్టుకున్నాడు. తర్వాత ఎప్పుడో వెతుక్కుంటూ వెళ్ళి క్షమాపణ అడిగాను. బల్ల మీద సిమెంటు దుమ్ము తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. "పర్లేదు అయ్యగారూ" అన్నాడు. దుమ్ము గుడ్డ దులుపుతూ, "ఎల్లుంటే ఎలగుండేదోనని ఒకోసారి అనిపిస్తాది" అన్నాడు. నేను లేచేదాకా ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం.

గోనె సంచుల మీద

కొండకు నన్ను గుప్త గారే తీసుకెళ్ళాడు, ఖాళీ గోనె సంచుల మీద కూర్చోబెట్టి. "ఎల్లినప్పుడు అయ్యగారు, వొచ్చినప్పుడు చింతపండు. నా వ్యానుకెంత పున్నెమో" అని దారిపొడుగునా నవ్వించాడు. మహేంద్రతనయ ఏరు దాటాక రోడ్డు పాడైంది. వ్యాను ఆగిన చోటునుంచి గంటన్నర నడక. నేను నాలుగుసార్లు కూర్చున్నాను.

ఊరి మొదట్లో జనం నిలబడి ఉన్నారు. పదకొండేళ్ళు నేర్చిన సవర భాషలో, బాగా వల్లించుకున్న రెండు వాక్యాలు చెప్పాను. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒక పెద్దాయన ముందుకొచ్చి, "తెలుగులో సెప్పండి బాబూ, మాకు తెలుస్తాది. మా బాస మెల్లగా మేం నేర్పుతాం. తొందరేటి?" అన్నాడు. నా నాలుగు నోటుబుక్కులు అడ్డం తొలగడానికి అంతసేపే పట్టింది.

ఇల్లు చూశాను. ఎర్రమట్టి గోడలు, కొత్త గడ్డి, నేల మీద తడి ఆరని అలుకు. లోపల ఎవరూ ఒక్కరోజు కూడా పడుకోలేదు. రెండు మట్టి పొయ్యిలున్నాయి, ఒకసారైనా నిప్పు సోకనివి. ఒకటి అన్నానికి, ఒకటి కూరకి అనుకుంటా. ఇద్దరు మనుషులకు సరిపడా కట్టిన ఇంట్లోకి ఒక్కణ్ణే వెళ్ళాను.

మొదటి ఆదివారం మూడు రోజులకే వచ్చింది. పీట మీద పళ్ళెం పెట్టారు, చోడి రొట్టె, అదే రాగి పిండి రొట్టె, ఇత్తడి గ్లాసులో ద్రాక్షరసం. పైన తెల్లగుడ్డ. గుడ్డ తియ్యబోతే అంచు చేతికి తగిలింది. ఆ అంచు కుట్టు నాకు తెలుసు. మా ఇంట్లో దిండు గలీబులన్నిటికీ అదే కుట్టు.

"సుగుణమ్మగారిచ్చినారు" అంది మార్తమ్మ. నులక మంచం మీద మోసుకొచ్చి ముందు పెట్టారామెను. "రెండో యేడే ఇచ్చీసినారు. మీకు సెప్పొద్దన్నారు. అయ్యగారితో పాటు నానూ వొస్తాను, అందాకా ఇది కప్పండీ అన్నారు."

గుడ్డ తీయడానికి కొంత సమయం పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. వాళ్ళకు ఎదురుచూడడం అలవాటే.

బల్ల

రొట్టె విరిచి ఒక్కొక్కరి చేతిలో పెట్టాను. మార్తమ్మ దగ్గరికి ముందు వెళ్తే తల అడ్డంగా ఊపింది. "అందరికీ ఎట్టండి. నాకు కడాకరికి." ఊరంతా తీసుకున్నాక ఆమె తీసుకుంది. నోట్లో పెట్టుకుని, నమలకుండా, కళ్ళు మూసుకుని అలా ఉంచుకుంది. పదకొండేళ్ళు తీసుకోకుండా పక్కకిచ్చిన ముక్క అది.

పాస్టరు ఎప్పుడూ అందరికంటే చివర తీసుకోవాలి. పళ్ళెంలో మిగిలిన ముక్క తీసుకోబోయాను.

"ఆగండి. మీకెవులెడతారు?" అంది మార్తమ్మ.

"నేనే తీసుకుంటానమ్మా. పాస్టర్లు అలాగే తీసుకుంటారు."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఇరవై ఎనిమిదేళ్ళనుంచి."

"ఓలమ్మో. ఇంతమందికెట్టి, మీకు మీరొక్కలే తీసుకున్నారేటి ఇన్నాళ్ళూ? ఇలగియ్యండి."

ఆమె చేతికి అభిషేకం లేదు. నియమం నాకు తెలుసు, ఇతరులకు నేర్పినవాణ్ణి. పళ్ళెం ఆమెకిచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపాను. పసుపు మరకల వేళ్ళతో ముక్క నా అరచేతిలో పెట్టింది. పెద్దయ్యగారికి ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ ఊళ్ళో అయిదేళ్ళున్నాను. గొప్ప పనులేవీ జరగలేదు. మలేరియా రెండుసార్లు వచ్చింది, పోయింది. మూడో ఏడు మార్తమ్మను పాతిపెట్టాను. ఆ సాయంత్రం ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఏమీ మాట్లాడకుండా, నా అరుగు మీద కూర్చున్నారు. ఇప్పుడు అక్కడ ఆ ఊరి మనిషే పాస్టరు. నా అవసరం లేదు. అలాగే ఉండాలి.

ఇప్పుడు

అమ్మాయి విశాఖపట్నం రమ్మంటుంది. వెళ్ళి వారం ఉండి వచ్చేస్తుంటాను. నా గదిలో ఒక్కణ్ణే వండుకుని తింటాను. ఆ సీసా రోజు తర్వాత సుగుణ గొంతు నన్ను ఏమీ అడగకుండా ఊరుకుంది కదా, ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడల్లా అడుగుతుంది. క్షమాపణ దొరికిందని నమ్ముతాను. పోయిన ఏళ్ళు దొరకవు. రెండూ నిజమే.

ఇక్కడి గుళ్ళో వెనక వరసలో కూర్చుంటాను. పాస్టరు పాతికేళ్ళవాడు, మంచివాడు. మొదటి ఆదివారం అందరికీ పంచాక, జనానికి వీపు చేసి, మిగిలిన ముక్క తనే తీసుకుని గబగబా మింగేస్తాడు. ఒక్కడే. మొదటి నెల చూసి, లేచి వెళ్దామా అనుకున్నాను. ఈయనెవరు ముసలాయన, నియమం తెలియదా అంటారేమోనని కూర్చుండిపోయాను. రెండో నెలా కూర్చున్నాను. మూడో నెల మోకాళ్ళ నొప్పి అనుకున్నాను. నిజంగానే నొప్పిగా ఉండింది.

పోయిన నెల లేచాను. వెనక వరసనుంచి ముందుకు నడవడానికి చాలాసేపు పట్టింది. అందరూ తిరిగి చూశారు. అతను ముక్క తీసుకోబోతున్నవాడల్లా ఆగి, ఏమిటన్నట్టు చూశాడు.

"ఇలా ఇయ్యి బాబూ" అన్నాను.

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత పళ్ళెం నాకిచ్చి, రెండు చేతులూ చాపాడు.